"ఆడకూలి బస్తా మోయగలదా?" అన్న నాన్నగారికి ఏం చెప్పాలి

మీరు అడిగింది ఇది: "డిగ్రీ రెండో సంవత్సరం. స్త్రీ పురుషులకు సమాన వేతనం తప్పనిసరి చేయాలి అన్న వైపు కాలేజీ డిబేట్‌లో మాట్లాడాలి. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే, మిరప వేసే మా నాన్న రెండు మాటలన్నారు. ఒకటి, ఆడకూలి బస్తా మోయగలదా? రెండు, చట్టం పెడితే ఆడవాళ్లను పనికి పిలవడమే మానేస్తారు. రెండింటికీ జవాబు తోచలేదు."

అమ్మా, కార్మిక శాఖలో 31 ఏళ్లు పనిచేశాను. చేరింది గుమస్తాగా, రిటైరయింది అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుగా. మీ నాన్నగారి రెండు మాటలూ నాకు మిల్లు ఓనర్ల నోట, కాంట్రాక్టర్ల నోట, ఒకసారి మా పైఆఫీసరు నోట కూడా వినబడ్డాయి. మొదటిదానికి జవాబు తేలిక. రెండోది అంత తేలిక కాదు, దాన్ని కొట్టిపారేయకండి.

ముందు మీ టాపిక్ సంగతి. "తప్పనిసరి చేయాలి" అని మీరు వాదించబోయేది నేను ఉద్యోగంలో చేరకముందే తప్పనిసరి అయిపోయింది. రాజ్యాంగం 39(డి) అధికరణంలో స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అని రాసుకున్నాం. అది ఆదేశిక సూత్రం, అంటే దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్లలేం. 1958లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 100వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం కావడంతో ఆ సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చారు, 1976లో అది సమాన వేతన చట్టం అయింది. ఇప్పుడు దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ ఉంది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఎదుటి టీమ్‌లో కాస్త చదివినవాళ్లుంటే "చట్టం ఉండగా ఇంకా ఏం తప్పనిసరి చేయాలి?" అని మొదటి నిమిషంలోనే మిమ్మల్ని కూర్చోబెడతారు. మీరే ముందు ఆ మాట అనేసి, అసలు గొడవ ఎక్కడుందో చూపించండి.

అసలు గొడవ "ఒకే పని" అంటే ఏమిటి, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్న దగ్గరే ఉంది. ఆడవాళ్లకి సమాన జీతం ఇవ్వను అని నా ముఖం మీద అన్న యజమాని నాకు ఒక్కడూ తగల్లేదు. "అది వేరే పని సార్" అన్నవాళ్లే అందరూ.

ఒకటి చెబుతాను. 1990ల చివర్లో మా పరిధిలో ఓ చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉండేది. పప్పులు, కారం, పసుపు పావుకిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి షాపులకు పంపేవాళ్లు. తనిఖీకి వెళ్లి మస్టర్ (హాజరు పట్టీ) తెరిస్తే ఐదుగురు మగవాళ్లు "ప్యాకర్", పద్నాలుగు మంది ఆడవాళ్లు "హెల్పర్". రోజుకి తేడా 18 రూపాయలు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. లోపలికి వెళ్లి చూస్తే ఒకే బల్ల, అటు ముగ్గురు ఇటు ముగ్గురు. త్రాసులో తూచడం, కవర్లో పోయడం, సీలింగ్ మిషన్ పెడల్ తొక్కడం. కారం ఘాటుకి అందరి ముక్కులకీ చీరకొంగో, తువ్వాలో. హెల్పర్ ఎవరికి హెల్ప్ చేస్తోందో నాకు అర్థం కాలేదు. మగవాళ్లకు ఎందుకు ఎక్కువ అని అడిగాను. "రాత్రిళ్లు లోడ్ వస్తే దించేది వాళ్లే సార్" అన్నాడు ఓనరు. అచ్చం మీ నాన్నగారి బస్తా.

సరే, లోడ్ దిగిన తేదీలు చూపించమన్నాను. ఆయన గుమస్తా ఖర్చుల ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ప్రతి లోడుకీ హమాలీ వోచర్ ఉంది. బయటి ముఠా వాళ్లు వచ్చి, బస్తాకి ఇంత అని లెక్కకట్టి తీసుకుని వెళ్లారు. లోపలి మగవాళ్లు ఒక్క బస్తా కూడా దించలేదు. ఓనరు గుమస్తా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే, పాపం ఆ కుర్రాడు ఏ ఫైలు తేవాలో తెలియక తెచ్చాడు.

మీ నాన్నగారికి చెప్పాల్సింది ఇక్కడే ఉంది. బస్తా మోసే పనికి బస్తా లెక్కన కూలి ఎప్పటినుంచో ఉంది. మోసినవాడు తీసుకుంటాడు, దానికి ఎవరూ అడ్డురారు. మోయని ఆడమనిషికి మోసిన మగవాడి కూలి ఇమ్మని ఏ చట్టమూ అనలేదు. అడిగేదల్లా, బస్తాలు లేని రోజున మగకూలి ఎందుకు ఎక్కువ అని. చేను కాపలాకి, నీళ్లు పెట్టడానికి, మోటారు దగ్గర కూర్చోవడానికి వచ్చిన మగమనిషికి కూడా మగకూలే ఇస్తారు కదా? అక్కడ కండ ఏముంది? అదే రోజు ఎండలో నడుం వంచి కలుపు తీసినావిడకి ఆడకూలి. అంటే మనం బలానికి కట్టే రేటు కాదది, మనిషికి కట్టే రేటు. నాట్లు వేయడం చేతకాని మగవాళ్లను నేను వందలమందిని చూశాను. నైపుణ్యమే కొలమానమైతే నాట్ల రోజుల్లో ఆడకూలే ఎక్కువ ఉండాలి. నిజానికి ఎకరాకి ఇంత అని గుత్తకి తీసుకున్నచోట వాళ్లకి రోజుకూలి కంటే బాగానే పడుతుంది. అందుకే ఆడవాళ్ల ముఠాలు గుత్తనే ఇష్టపడతాయి.

మిరప కోతలో అయితే ఇంకా స్పష్టం. కిలోల లెక్కన కోయించే ఊళ్లలో సాయంత్రం కాటా దగ్గర నిలబడి చూడండి. మొగుడూ పెళ్లాం చెరో టిక్కీ (మిరప బస్తా) తెచ్చి కాటా మీద పెడతారు. ముల్లు ఎక్కడ ఆగితే అంత. పక్క చేలోనే రోజుకూలికి కోయిస్తే అదే మొగుడికి ఎక్కువ, అదే పెళ్లానికి తక్కువ. కోసిన కాయ ఒక్కటే. మీ నాన్నగారు ఏ పద్ధతిలో కోయిస్తారో నాకు తెలియదు కానీ, ఆ రెండు పద్ధతులూ ఆయనకి బాగా తెలుసు.

ఉపాధి హామీ వచ్చినప్పుడు ఇదే జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని మొదలుపెట్టారు. అందులో మగ రేటు, ఆడ రేటు లేవు, తవ్విన మట్టిని కొలిచి డబ్బు కట్టేవాళ్లు. 2025-26లో ఆంధ్రాకీ తెలంగాణకీ రోజుకూలి 307 రూపాయలు, అదీ ఇద్దరికీ ఒకటే. కూలి పెంచక తప్పడం లేదని ఆ రోజుల్లో మా ఆఫీసుకి వచ్చి మొత్తుకున్న రైతులు చాలామంది. వాళ్ల బాధ అబద్ధం కాదు, పంట ధర వాళ్ల చేతిలో లేదు. కానీ గమనించండి, వాళ్ల ఫిర్యాదు ఎక్కువగా ఆడకూలి పెరిగిందనే. అంతకుముందు తక్కువ దగ్గర ఆగిపోయింది కాబట్టే అది అంత కనబడింది.

మళ్లీ ఆ ప్యాకింగ్ యూనిట్‌కి వస్తాను, ఎందుకంటే మీ నాన్నగారి రెండో మాట అక్కడే నాకు ఎదురైంది. నోటీసిచ్చాక ఓనరు తెలివైన దారి కనిపెట్టాడు: "సమానం చేయాలి, అంతే కదా సార్, మగవాళ్లకి 18 తగ్గిస్తాను." చాలామందికి తెలియని సంగతి, 1976 చట్టం దీన్ని ముందే ఊహించి తలుపు మూసింది. సమానం చేసే పేరుతో ఎవరి వేతనమూ తగ్గించకూడదు. కొత్త కోడ్‌లో కూడా ఆ నిబంధన ఉంది. చివరికి ఆడవాళ్లందరి పేర్లూ "ప్యాకర్" కింద మారాయి, కూలి పెరిగింది. నేను సంతోషపడ్డాను. మూడు నెలల తర్వాత వెళ్తే పద్నాలుగు మందిలో నలుగురు లేరు. ఆర్డర్లు తగ్గాయన్నాడు. నిజమేనేమో, కాదేమో. నేను నిరూపించలేకపోయాను. తీసేసిన నలుగురిలో ఒకావిడ తర్వాత బజార్లో కనబడి "మీరు రాకపోయినా బాగుండేది సార్" అంది. ఆవిడకి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి "పిలవడం మానేస్తారు" అన్నది ఉత్త బెదిరింపు అని డిబేట్‌లో అనకండి. ఎక్కడ నిజమో, ఎక్కడ కాదో విడగొట్టండి. మిరప చేలో అది చెల్లదు. కోతల సీజన్లో గుంటూరు, పల్నాడు వైపుకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి, ఆడవాళ్ల చేతులు లేకపోతే కాయ చెట్టునే ఎండిపోతుంది. మానేస్తే రైతుకే నష్టం. ప్యాకింగ్ యూనిట్‌లో అది సగం నిజం. ఆఫీసు ఉద్యోగాల్లో చాలా నిజం, కానీ దానికి కారణం సమాన వేతనం కాదు, ప్రసూతి సెలవు. 2017 సవరణతో అది 26 వారాలైంది, జీతం భారం యజమానిదే. పెళ్లయిందా, పిల్లలు ఎప్పుడు అని ఇంటర్వ్యూలో నవ్వుతూ అడిగేది అందుకే. ఇక్కడో ముఖ్యమైన తేడా ఉంది. నెలకు 21,000 లోపు జీతమై ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే ప్రసూతి డబ్బు ఈఎస్ఐ కార్పొరేషనే కడుతుంది, యజమాని జేబులోంచి పోదు. నన్నడిగితే ఆ పద్ధతిని పై జీతాలకూ పాకించాలి. ఆడమనిషిని పెట్టుకున్న కంపెనీ మీద మాత్రమే భారం వేసి, పెట్టుకోని కంపెనీని వదిలేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఎదుటివాళ్లు ఈ పాయింట్ ఎత్తితే ఒప్పుకుని, ఇది చెప్పండి. సమాన వేతనం వద్దనడానికి ఇది కారణం కాదు.

పేరు మార్చి తక్కువ ఇచ్చే విద్య చిన్న ఓనర్లదే అనుకోకండి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పెద్ద కేసు ఒకటుంది, 1987లో తీర్పు వచ్చింది, మెకినాన్ మెకంజీ కంపెనీ కేసు. ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ వేసింది. మగ స్టెనోల కంటే ఆడ స్టెనోలకు జీతం తక్కువ. కంపెనీ వాదన ఏమిటంటే, ఆడవాళ్లు "కాన్ఫిడెన్షియల్ స్టెనోలు", పెద్దాఫీసర్ల దగ్గర ఉంటారు, ఆ విభాగంలో మగవాళ్లే లేరు, ఇక ఎవరితో పోలుస్తారు అని. ఆ సీట్లలో ఆడవాళ్లే ఉన్నారంటే యాజమాన్యం అలా కూర్చోబెట్టింది కాబట్టే అని కోర్టు తేల్చింది. యూనియన్‌తో ఒప్పందం కుదిరిందని, కంపెనీకి స్తోమత లేదని చెప్పిన సాకులూ నిలవలేదు. ఐదేళ్ల ముందు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల స్టేడియాలు కట్టిన కూలీల కేసులో ఇంకో రూపం బయటపడింది. అప్పటి కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు, ఆడకూలీల చేతికి వచ్చింది 7. మిగతాది మధ్యలో జమాదార్లు మింగారు. మన దగ్గర మేస్త్రి అంటామే, ఆయనే.

బయటి దేశం ఉదాహరణ ఒకటి కావాలంటే బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ తీసుకోండి. అక్కడి సిటీ కౌన్సిల్లో వంటమ్మలు, ఊడ్చేవాళ్లు, వృద్ధుల్ని చూసుకునేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. చెత్త ఎత్తేవాళ్లు, సమాధులు తవ్వేవాళ్లు మగవాళ్లు. గ్రేడు ఒకటే, మూలవేతనం ఒకటే. కానీ మగవాళ్ల ఉద్యోగాలకి మాత్రం బోనస్‌లు ఉన్నాయి. 2012లో అక్కడి సుప్రీంకోర్టులో ఆడవాళ్లు గెలిచారు. బకాయిలు పేరుకుపోయి 2023 సెప్టెంబరులో ఆ కౌన్సిల్ ఇక కొత్త ఖర్చు పెట్టలేనని ప్రకటించింది, అందులో సమాన వేతన బాకీయే పెద్ద పద్దుల్లో ఒకటి. ఎదుటి టీమ్ దీన్ని "చూశారా, సమాన వేతనం ఊరిని ముంచింది" అని వాడుకోవచ్చు. ఏళ్లపాటు ఇవ్వకుండా దాచిన డబ్బు ఒక్కసారి అడిగితే ఎవరికైనా అలాగే ఉంటుందని చెప్పండి.

మన దగ్గర వేరే పేరు పెట్టిన పెద్ద ఉదాహరణ అంగన్‌వాడీ. వాళ్లకి ఇచ్చేది జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. బాగుంది మాట. ఉద్యోగి కాదు, కార్యకర్త. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రాలో వాళ్లు 42 రోజులు సమ్మె చేసినప్పుడు కార్యకర్తకి నెలకు 11,500, ఆయాకి 7,000. ఇక్కడ సమాన వేతన చట్టం ఏమీ చేయలేదు, ఎందుకంటే పోల్చడానికి మగ అంగన్‌వాడీ కార్యకర్త లేడు. మొత్తం పనే ఆడవాళ్లది అయినప్పుడు రేటే కిందికి కట్టేస్తారు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లదీ ఇదే కథ. వెయ్యి బీడీలకి ఇంత అని రేటు, మగ చుట్టినా ఆడ చుట్టినా ఒకటే, తేడా ఏమీ లేదు. కాకపోతే చుట్టేది దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇందాక కాటా గురించి అంత పొగిడాను కదా, దానికీ ఈ హద్దు ఉంది. కాటా ఇద్దరినీ సమానంగా తూస్తుంది, కిలోకి ఎంత అన్నది మాత్రం వేరేవాళ్లు నిర్ణయిస్తారు.

క్రికెట్ గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు, తయారుగా ఉండండి. 2022 అక్టోబరులో బీసీసీఐ మ్యాచ్ ఫీజు సమానం చేసింది: టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. మంచి పని, మన కడప అమ్మాయి శ్రీ చరణికి కూడా అదే ఫీజు. కానీ ఆ ప్రకటన వచ్చినప్పుడు ఏడాది కాంట్రాక్టు చూస్తే మగవాళ్ల పై గ్రేడుకి 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడుకి 50 లక్షలు. పైగా ఆడవాళ్లకి ఏడాదికి దొరికే టెస్టులు వేళ్ల మీద లెక్క. ఆదాయం తెచ్చేది మగవాళ్ల మ్యాచ్‌లే కదా అన్న వాదనకి బలం ఉంది, దాన్ని పూర్తిగా కొట్టేయలేరు. నేనైతే డిబేట్‌లో క్రికెట్ జోలికి పోను. టీవీ హక్కుల లెక్కల్లో పడి కలుపు తీసే ఆవిడని మర్చిపోతారు.

ఇంకో జాగ్రత్త, ఇది మన వైపు వాళ్లు చేసే తప్పు. "మగవాడి వంద రూపాయలకి ఆడదానికి ఇంతే వస్తోంది" అని నెట్‌లో దొరికే అంకె పట్టుకుని, ఒకే పనికి అంత తేడా ఇస్తున్నారని చెప్పేస్తారు. అది తప్పు. ఆ అంకె మొత్తం ఆడవాళ్ల సంపాదననీ మొత్తం మగవాళ్ల సంపాదననీ పోలుస్తుంది. అందులో పై ఉద్యోగాల్లో ఆడవాళ్లు తక్కువ ఉండటం, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానడం, తక్కువ గంటలు చేయడం అన్నీ కలిసిపోయి ఉంటాయి. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చిన క్లాడియా గోల్డిన్ ఏళ్ల తరబడి తేల్చింది కూడా ఇదే. ఈ కాలపు తేడాలో పెద్ద వాటా ఒకే రకం ఉద్యోగంలో ఉన్న ఆడా మగా మధ్యే ఉంది, అదీ మొదటి బిడ్డ పుట్టాక పెరుగుతుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకి కంపెనీలు ఎక్కువ ఇస్తాయి, ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లి పలకలేదు. ఇది నేరుగా చట్టం పట్టుకునే దొంగతనం కాదు. రెండింటినీ కలిపేస్తే ఎదుటివాళ్లు ఒక్క ప్రశ్నతో మీ అంకెను పడగొడతారు.

హైదరాబాద్ ఐటీలో తేడా ఎలా పుడుతుందో మా అమ్మాయి చెబితే తెలిసింది. కొత్త కంపెనీ "ఇప్పుడు ఎంత వస్తోంది?" అని అడిగి, దాని మీద ఇంత శాతం అని పెంచుతుంది. ఎక్కడో ఒకచోట తక్కువతో మొదలైన అమ్మాయికి ఆ తక్కువ ప్రతి కంపెనీకీ వెంటే వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది తెలుసు: కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే నిషేధం. మన కోడ్‌లో అలాంటిది లేదు.

ఉన్నదాంట్లో ఏం మారిందో కూడా చెబుతాను. పాత చట్టంలో ఒకే పని అనడానికి నైపుణ్యం, శ్రమ, బాధ్యత చూసేవాళ్లం. కొత్త కోడ్‌లో "అనుభవం" కూడా చేర్చారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పిల్లల కోసం మూడేళ్లు ఆగి తిరిగొచ్చిన మనిషికి తక్కువ ఇవ్వడానికి అది ఎంత సుళువైన సాకో నాకు కనబడుతూనే ఉంది. ఇంకా, పోలిక ఒకే యజమాని కిందే. పర్మినెంట్ మగవాడికీ పక్కనే కాంట్రాక్టరు పెట్టిన ఆడమనిషికీ మధ్య తేడాని ఈ సెక్షన్‌తో పట్టుకోవడం కష్టం. మంచి కూడా ఉంది: వేతన స్లిప్ ఇవ్వాలి, బకాయి అడగడానికి మూడేళ్ల గడువు ఉంది, కూలి చెల్లించానని రుజువు చేసుకునే భారం యజమానిది. వ్యవసాయానికి ఐదుగురికి మించకుండా పెట్టుకునేవాళ్లు రిజిస్టర్లు రాయక్కర్లేదు, అడిగితే కూలి ఇచ్చినట్టు ఆధారం చూపిస్తే చాలు. మీ నాన్నగారికి ఈ ఒక్క సంగతి ముందు చెబితే మిగతాది కాస్త ప్రశాంతంగా వింటారు.

నేను మీ స్థానంలో ఉంటే "సమాన వేతనం తప్పనిసరి చేయాలి" అని ఆపను. ఏ పేరుకి ఎంత అన్నది నోటీసు బోర్డు మీద పెట్టాలని కొత్త కోడ్ ఇప్పటికే అంటోంది, దాన్ని నిజంగా అమలు చేసి, ఏ పనికి ఏ పేరు అన్నది కూడా పనిచేసేవాళ్లకి కనబడేలా గోడ మీద పెట్టడం తప్పనిసరి చేయాలి అంటాను. ఆ యూనిట్‌లో ఆడవాళ్లకి తాము "హెల్పర్" అని నేను చదివి వినిపించేదాకా తెలియదు. మగవాళ్లకి 18 రూపాయలు ఎక్కువని తెలుసు, ఎందుకో తెలియదు. ఐస్‌లాండ్‌లో 2018 నుంచి 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ సమానంగానే ఇస్తున్నానని తనే నిరూపించుకోవాలన్న చట్టం వచ్చింది. ఉద్యోగి వచ్చి ఫిర్యాదు చేయాల్సిన పని లేకుండా. మా దగ్గరికి 31 ఏళ్లలో "నాకు మగవాడి కంటే తక్కువ ఇస్తున్నారు" అని తనంత తానుగా వచ్చి రాతపూర్వకంగా ఇచ్చిన ఆడమనిషిని లెక్కపెడితే ఒక చెయ్యి చాలు.

అన్నట్టు, మీకు ఎన్ని నిమిషాలు ఇస్తారో రాయలేదు. ఐదే అయితే కేసులు, సెక్షన్లు అన్నీ వదిలేయండి. మిరప కాటా గురించి చెప్పి, హమాలీ వోచర్ల సంగతి చెప్పి కూర్చోండి. ముందు మీ నాన్నగారి మీద ఒకసారి ప్రాక్టీస్ చేసి, ఆయన ఈసారి ఏమన్నారో ఇక్కడే రాయండి.